ట్రాక్టర్ పేరుతో పుట్టిన ట్యాంకును చూసొచ్చాం

మా అమ్మాయి సునీత పదో తరగతి. ఈ 1984లో స్కూల్ డిబేట్ టీమ్‌లో చోటు సంపాదించాలని దాని పంతం. సోమవారం సెలక్షన్‌కి దాని వంతుకొచ్చిన వాదన ఇది: మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీ శాంతి ఒప్పందాన్ని తుంగలో తొక్కి ఆయుధాలు పోగేయడం నాయకుల చాటుమాటు వ్యవహారం, మామూలు జనానికి తెలియదు. "బుక్స్‌లోది అందరూ చెప్తారు మమ్మీ. నేను అప్పుడు దొంగచాటుగా చేసిన ట్యాంక్ చూసి చెప్తా" అంది. భేషైన ఆలోచన! ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధన మానే ప్రసక్తే లేదు కనుక శనివారమే బయలుదేరాం.

న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇంటి దగ్గర పొద్దున్న ఏడింటికి కారెక్కితే, టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీదుగా డెలావేర్ వంతెన దాటి, పదికల్లా మేరీలాండ్‌లోని సైనిక మ్యూజియానికి చేరాం. నేనే డ్రైవ్ చేశాను. అంత దూరమా అని మావారు నసిగారు గానీ, బెజవాడ వన్‌టౌన్‌లో సైకిల్ తొక్కినదానికి టర్న్‌పైక్ ఒక లెక్కా? పక్క సీట్లో మా చర్చి స్నేహితురాలు సుగుణ, ఆమె ఒళ్లో పులిహోర డబ్బా. పెట్రోలు, టోల్‌కి చిల్లర తప్ప ఖర్చేం లేదు. లోపలికి టికెట్ కూడా లేదు.

పచ్చికలో ట్యాంకులు బారులు తీరి ఉన్నాయి. మేం వెతికింది అన్నిటికన్నా చిన్నది, మా స్టేషన్ వ్యాగన్ కారు కంటే పొట్టిది. ఒప్పందం ప్రకారం జర్మనీ ట్యాంకులు చేయకూడదు. అందుకని మొదట్లో కాగితాల మీద దీన్ని పొలం ట్రాక్టర్ అన్నారట. సునీత ముఖం వెలిగిపోయింది. తన వాదనకు ఇంతకన్నా ఏం కావాలి?

దాని పక్కనే ఒక ముసలాయన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మాటలో జర్మన్ యాస. కుర్రతనంలో జర్మనీ ఫ్యాక్టరీలో వీటికి బోల్టులు బిగించాడట.

"అప్పట్లో మీకు తెలుసా సర్, ఇది ట్యాంక్ అని?" సునీత సూటిగా అడిగేసింది.

ఆయన కోప్పడలేదు. "ట్రాక్టర్ అన్నారు. మేమూ ట్రాక్టర్ అన్నాం. తర్వాత బ్యాండు వాయిస్తూ మా వీధిలోనే నడిపించారు. అందరం చప్పట్లు కొట్టాం. మా అమ్మ కూడా."

తిరుగు ప్రయాణంలో సునీత పులిహోర ముట్టలేదు.

"ఏమే, ఆ చప్పట్ల గొడవ నీకెందుకే? ట్రాక్టర్ ముక్క ఒక్కటే చెప్పు, గెలిచేస్తావ్" అంది సుగుణ.

"అలా చెప్తే, ఆంటీ, నేను కూడా ట్రాక్టర్ అన్నట్టే కదా?"

సుగుణ పులిహోర డబ్బాకి మూత పెట్టేసింది. నాకైతే కారు ఆపి పిల్లను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

సోమవారం సునీత రెండు ముక్కలూ చెప్పింది. సొంత వాదనకే గండి కొట్టుకుంది. టీమ్‌లో చోటు దక్కలేదు. ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ బాధే, అంత కష్టపడింది మరి. కానీ ఆ ముసలాయన అన్నేళ్ల తర్వాత, ముక్కూ మొహం తెలియని పిల్ల ముందు, తన తల్లి చప్పట్లు కూడా దాచుకోలేదు. ఆ మాటను నా కూతురు సగానికి కోయలేదు. ఇంకోసారి వెళ్దామంటే ఇప్పుడే కారు తీస్తాను.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ట్యాంకుల దగ్గర పెద్దవాళ్లెవరైనా ఒంటరిగా నిలబడి కనిపిస్తే, బోర్డు చదవడం తర్వాత, ముందు వాళ్లను పలకరించండి.