బస్సు నిచ్చెన మీద తేనెటీగలు

1991 ఫిబ్రవరిలో ఆ వారం సంగం జాగర్లమూడిలో ఎవరూ వాతావరణం గురించి మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి అందులో ఏమీ లేదు. అంతకుముందు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక వాయుగుండం పోతే ఇంకోటి వచ్చి ఊరిని తడిపింది. జనవరిలో పొద్దున తొమ్మిదైనా కాలవ అవతలి గట్టు కనిపించనంత మంచు. తర్వాత ఒక ఆదివారం ఉన్నట్టుండి మబ్బూ పోయింది, మంచూ పోయింది. పొద్దున దుప్పటి అక్కర్లేదు, మధ్యాహ్నం ఫ్యాను అక్కర్లేదు. ఆకు కదిలీ కదలనంత గాలి. జనం పనుల్లో పడ్డారు.

అనసూయ మాత్రం ఒక్కచోట కూర్చోలేకపోయింది.

ఆమెకు నలభై ఒకటి. పుట్టిల్లు కాకుమాను, చదువు ఎనిమిదో తరగతి, గొంతు మాత్రం కాలవ దాటి వినిపిస్తుంది. మొగుడు యలమందకు రెండెకరాల మాగాణి, ఇంటి వెనక అరెకరం నిమ్మతోట. ఆ తోటలో, కాళ్ల కింద నీళ్ల ముంతలు పెట్టిన ఒక బల్ల మీద, ఆమె తేనెటీగల పెట్టె. ముంతలు చీమలు ఎక్కకుండా. ఈగలు పొద్దున ఎన్నింటికి బయటికొచ్చాయి, ఎంతసేపు తిరిగాయి అన్నదాన్ని బట్టి ఆమె ఆ రోజు ఎలా ఉంటుందో చెప్పేది. రేడియో కంటే ఆమె మాటే ఎక్కువసార్లు నిజమైందని యలమంద కూడా ఒప్పుకుంటాడు, ఆమె వినకపోతే.

నిజానికి ఆ విద్య నేర్చుకోవాల్సింది యలమంద. ఆరేళ్ల కిందట బాపట్లలో వారం రోజులు తేనెటీగల పెంపకం నేర్పి, చివర్లో ఒక పెట్టె ఉచితంగా ఇస్తారంటే పేరు రాయించుకున్నాడు. తీరా వెళ్లే రోజుకు గేదె ఈనడానికి సిద్ధమైంది. "నా బదులు నువ్వెళ్లి పెట్టె పట్టుకొచ్చెయ్" అన్నాడు. ఇరవై ముగ్గురు మగవాళ్ల మధ్య అనసూయ ఒక్కతే కూర్చుంది. పాఠం చెప్పిన భాస్కరరావు గారు మొదటి రోజు ఆమెను చూసి, ఎవరికో అన్నం క్యారేజీ తెచ్చిందనుకున్నారు. చివరి రోజు ఆయన అడిగిన ప్రశ్నలకు ముందు జవాబు చెప్పింది ఆమే.

ఒక పెట్టె మూడయింది, మిగతా రెండూ కొనుక్కున్నవే. పోయిన మే నెల తుఫాను అందులో రెండింటిని కాలవలో కలిపేసింది. మూడోదాన్ని గాలి ముదరకముందే వంటింట్లోకి మోసుకొచ్చి, ద్వారానికి గుడ్డ కుక్కి, రెండు రోజులు పొయ్యి పక్కన పెట్టుకుంది. అదే మిగిలింది. తుఫానుకు చెట్లన్నీ కూలడంతో తొర్రల్లో ఉండే ఈగలు కూడా ఊళ్లో కనిపించకుండా పోయాయి. కొనుక్కుందామన్నా పట్టుకుందామన్నా ఎక్కడా లేవు. ఒక్క పెట్టె అంటే, ఇంకో గాలివానకు ఒక్కటీ ఉండదని లెక్క. దాన్ని రెండు చేసుకోవడానికి ఉన్నది ఒకటే దారి. ఈగలు బాగా పెరిగితే, చలి విరిగి ఎండ ఇంకా ముదరని రోజుల్లో, ముసలి రాణి సగం పరివారాన్ని వెంటేసుకుని పెట్టె వదిలి లేచిపోతుంది. కొత్త రాణికి పాత ఇల్లు దక్కుతుంది. లేచిన గుంపును పట్టుకుని ఖాళీ పెట్టెలో దించాలి. దించలేకపోతే ఉన్నదాంట్లో సగం పోయినట్టే.

అనసూయ చేతిలోంచి అలా రెండు గుంపులు పోయాయి. ఎనభై ఎనిమిదిలో ఒకటి, కిందటేడు ఒకటి. రెండుసార్లూ కాలవ మీదుగా అవతలికి వెళ్లిపోతుంటే ఇవతలి గట్టున నిలబడి కేకలు పెట్టడం తప్ప ఏమీ చేయలేకపోయింది.

సోమవారం పెట్టె తెరిచింది. తేనెపట్టు అంచున వేరుశనక్కాయల్లా నాలుగు గూళ్లు వేలాడుతున్నాయి. కొత్త రాణులు పెరిగే గూళ్లు. చివర్లు అప్పటికే మూసుకున్నాయి.

"ఏవండీ! లేస్తాయండీ! ఇవాళో రేపో!" అని అక్కణ్ణుంచే అరిచింది.

యలమంద మినుము చేనుకు బయలుదేరుతున్నాడు. "లేస్తే లేవనీ. కాలవ దాకా సాగనంపి రావడం నీకు అలవాటేగా."

"ఈసారి పోనిస్తే నా పేరు మార్చుకుంటా."

"రేషన్ కార్డులో మార్చాలంటే తెనాలి తిరగాలి. ఎందుకొచ్చిన గొడవ, పట్టేసుకో."

తుఫానులో కొట్టుకుపోయిన రెండింట్లో ఒకటి తర్వాత ఖాళీగా గట్టున దొరికింది, ఆమె ఆ పెట్టె కడిగి ఎండబెట్టింది, లోపల పాత మైనం రుద్దింది. బిందెడు నీళ్లు, ఒక చెంబు తోటలో పెట్టుకుంది. మంగళవారమంతా వంటింటి తలుపు తీసే వండింది. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. యలమంద కూర పక్కకి నెట్టి మజ్జిగ పోసుకున్నాడు.

బుధవారం పదింటికి లేచాయి.

మొదట పెట్టె ముందు గుంపుగా మూగాయి. తర్వాత పొంగిన పాలలాగా ద్వారంలోంచి బయటికి దొర్లాయి. నిమిషంలో తోటంతా నల్లటి చుక్కలు, చెవులు గింగురుమనే మోత. అనసూయ చెంబు అందుకుని నీళ్లు పైకి చల్లడం మొదలుపెట్టింది. నీళ్లు పడితే వాన అనుకుని దగ్గర్లో ఎక్కడైనా వాలతాయని బాపట్లలో చెప్పారు. అవి నిమ్మచెట్టు మీద వాలలేదు. కంచె దాటాయి. ఆమె ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని, చెంబు ఊపుకుంటూ వెంటపడింది. సందు దాటాయి, బడి దాటాయి, కాలవ గట్టున రోడ్డు మీదికి వచ్చాయి. అవతల నీళ్లు. మళ్లీ అదే చోటు.

గట్టు దిగి చెంబు ముంచుకుని, ఉన్న బలమంతా పెట్టి వాటికి ఎదురుగా విసిరింది. మళ్లీ ముంచింది, మళ్లీ విసిరింది. గుంపు తడబడింది, వెనక్కి మళ్లింది, కిందికి దిగింది.

దిగి, అక్కడ ఆగి ఉన్న తెనాలి బస్సు వెనక నిచ్చెన మీద వాలింది.

బస్సు మీదికి సామాన్లు ఎక్కించే ఇనప నిచ్చెన. దాని నడిమి మెట్టుకు చూస్తుండగానే పనసకాయంత ముద్ద కట్టింది. బస్సులో వాళ్లు కిటికీ రెక్కలు టపటపా దించారు. తర్వాత ఏమవుతోందో చూడాలని సగం మంది ముందు తలుపు గుండా దిగి, దూరంగా గుమిగూడారు.

కండక్టరు జకరయ్య టికెట్ల సంచీ ఛాతీకి అదుముకుని వచ్చాడు. "ఏంటమ్మా ఇది?"

"మా ఈగలండి."

"మీయైతే మీ ఇంట్లో ఉంచుకోవాలి గదండి. బస్సెక్కినాక నేను టికెట్టు కొట్టాలి. ఎన్నున్నాయేంటి?"

"ఒక పదివేలుంటాయండి."

"నిలబడి ప్రయాణం చేసేవాళ్లకి తగ్గింపు లేదు మరి."

జనం నవ్వారు. డ్రైవరు నవ్వలేదు. "పొద్దున్నే ఈ గోలేంటి? గుడ్డకి డీజిలు తడిపి ముట్టిస్తే రెండు నిమిషాల్లో రాలిపోతాయి" అని జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

అనసూయకు గుండె ఆగినంత పనైంది. అయినా నోరు ఆగలేదు. "ముట్టించన్నయ్యా, బస్సుకే ముట్టించు. ముందు నువ్వు ఎగురు, తర్వాత మా ఈగలు ఎగురుతాయి."

ఈసారి డ్రైవరు తప్ప అందరూ నవ్వారు. తెనాలిలో రేపల్లె రైలు అందుకోవాల్సిన రంగమ్మ అనే ముసలావిడ, బుట్ట నెత్తిన పెట్టుకునే ముందుకొచ్చి నిలదీసింది. "కాలవ దాటి పోయేవాటిని నీళ్లు కొట్టి మా బస్సు మీదికి తోలింది నువ్వే గదే?"

"పోతాయనే గదత్తా కొట్టింది!"

జకరయ్య గడియారం చూసుకున్నాడు. "పది నిమిషాలమ్మా. ఆపైన బండి కదుల్తది. నీ ఈగలు తెనాలి చూసొస్తాయి."

లేచిన ఈగలు కడుపునిండా తేనె తాగి బయలుదేరతాయి, కాపాడుకోవడానికి వాటికి అప్పటికి ఇల్లు లేదు కాబట్టి కుట్టవు. ఇది భాస్కరరావు గారి మాట. అనసూయ ఆరేళ్లుగా పదిమందికి ఆ మాట చెప్పింది. చేయి పెట్టి చూసింది మాత్రం లేదు. పెట్టె నేల మీద పెట్టి, మూత తీసి, గాజులు మోచేతి దాకా తోసుకుని, ముద్ద కిందుగా రెండు చేతులూ పోనిచ్చింది.

వెచ్చగా ఉంది. ధాన్యం రాశిలో చేతులు పెట్టినట్టుంది, కాకపోతే ఈ గింజలు నడుస్తున్నాయి. ఒక్కటీ కుట్టలేదు. ఆమెకు నవ్వొచ్చింది, పళ్లన్నీ కనిపించేలా. దోసిళ్లతో తీసి పెట్టెలో పోసింది, నాలుగు దోసిళ్లు. మిగిలినవాటిని నిచ్చెన మీద అరచేత్తో చరిచి దులిపింది. మూత పెట్టింది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

రెండు నిమిషాలైనా కాలేదు. పెట్టె ద్వారంలోంచి ఈగలు తిరిగి బయటికి రావడం మొదలైంది. ఒకదాని వెనక ఒకటి లేచి నిచ్చెన వైపే పోతున్నాయి.

"ఇల్లు నచ్చలేదులాగుంది" అన్నాడు డ్రైవరు.

అనసూయకు తెలిసిపోయింది. రాణి పెట్టెలో లేదు. నిచ్చెన మీదెక్కడో ఉంది, లేదా చరిచినప్పుడు నలిగిపోయింది. నలిగిపోతే అంతా అయిపోయినట్టే. మెట్టు మెట్టూ వెతికింది. కళ్లు చెమ్మగిల్లి ఈగకీ ఈగకీ తేడా తెలియడం లేదు.

"అయిదు నిమిషాలే ఉన్నాయమ్మోయ్!"

"అరవమాకయ్యా, అది వెతుక్కుంటుంటే!" రంగమ్మ కండక్టరును కసిరి, బుట్ట దించి, నిచ్చెన దగ్గరికొచ్చి నడుం వంచింది. "ఏవే, ఇక్కడ నంబరు పలక కింద నాలుగైదు ముద్దగా ఉన్నాయి. మధ్యలో ఒకటి పొడుగ్గా, నల్లగా ఉంది. ఇదేంటి, వేరే జాతా?"

అనసూయ మోకాళ్ల మీద పడింది. అదే. పొడుగాటి పొట్ట, దానికి చాలని రెక్కలు, చుట్టూ పరివారం. వేళ్లతో పట్టుకుంటే నలిగిపోతుందని భయం. "అన్నయ్యా! అగ్గిపెట్టె! పుల్లలు తీసేసి ఇలా ఇవ్వు!"

డ్రైవరు పుల్లలు జేబులో పోసుకుని, ఖాళీ అగ్గిపెట్టె అరచేతిలో పెట్టి చాపాడు. అనసూయ డొప్ప సగం లాగి, రాణి ముందు పెట్టి, వెనక నుంచి చిటికెన వేలితో మెల్లిగా అదిలించింది. అది రెండడుగులు వేసింది, ఆగింది, మళ్లీ కదిలి లోపలికి నడిచింది. పెట్టె ద్వారం దగ్గర అగ్గిపెట్టె తెరిచింది. రాణి గబగబా చీకట్లోకి దూరిపోయింది.

అప్పుడు జరిగింది ఆ బస్సులోవాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. ద్వారం ముందున్న ఈగలు వరసగా నిలబడి, తోకలు పైకెత్తి, అక్కణ్ణుంచి వచ్చే వాసనను రెక్కలతో విసిరాయి. ఆ వాసనకు నిచ్చెన మీదివి, గాలిలోవి, బస్సు టైరు మీదివి అన్నీ దిగి, గంట కొడితే బళ్లోకి పోయే పిల్లల్లాగా బారు కట్టి లోపలికి నడిచాయి. జకరయ్య చేతిలో గడియారం ఉంది గానీ ఆయన దాన్ని చూడటం లేదు. డ్రైవరు గొంతుక్కూచున్నాడు. బస్సు పావుగంట ఆలస్యమైంది.

"నీ రైలు పోయిందేమో అత్తా" అంది అనసూయ.

"పోతే పోయింది. రేపల్లెకి ఇంకో రైలు లేదా ఏంటి! ఇది మళ్లీ చూస్తానా?"

పొద్దు వాలాక యలమంద, ఆమె కలిసి పెట్టెను తోటలోకి మోసుకొచ్చారు. పిల్లలుంటే వదిలిపోవని, పాత పెట్టెలోంచి పిల్ల పురుగులున్న చట్రం ఒకటి తీసి ఇందులో పెట్టింది. మామూలు ఈగలు దూరగలిగి లావుపాటి రాణి దూరలేని జల్లెడ రేకును ద్వారానికి బిగించింది. అంతమాత్రాన అవి ఉండిపోయినట్టు కాదు. రేకు ఉన్నంతసేపే రాణి ఆగుతుంది, తీశాక పోవచ్చు. చోటు నచ్చక మూడో రోజున లేచిపోయిన గుంపుల సంగతి బాపట్లలో విన్నదే.

గురువారం అవి కదల్లేదు. శుక్రవారం కొన్ని బయటికొచ్చి ద్వారం ముందే గాల్లో ఆగి తిరుగుతుంటే అనసూయకు అన్నం సహించలేదు. యలమంద చేనుకు వెళ్లలేదు. "మినుములు ఎక్కడికీ పోవులే" అని మంచం తెచ్చి తోటలో వేసుకున్నాడు. వాతావరణం మాత్రం మాట తప్పలేదు. శనివారం కూడా అదే ఎండ, అదే గాలి. నిమ్మపూత వాసన ఇంట్లోకొచ్చింది.

శనివారం ఎనిమిదింటికి ఒక ఈగ వచ్చి వాలింది. దాని వెనక కాళ్లకు ఆవగింజంత పసుపు ముద్దలు. పుప్పొడి. వెనకే ఇంకోటి, తర్వాత మూడు. పుప్పొడి తెస్తున్నాయంటే పిల్లల్ని పెంచే ఆలోచనలో ఉన్నాయన్నమాట. అనసూయ రేకు తీసేసింది. పది నిమిషాలు చూసింది, గంట చూసింది. ఈగలు పోతున్నాయి, వస్తున్నాయి, పోతున్నాయి, వస్తున్నాయి.

"ఏవండీ! ఉన్నాయండీ! ఉండిపోయాయండీ!"

"నేనిక్కడే ఉన్నా. కాలవ అవతలోళ్లకి చెప్తున్నావా?"

ఆదివారం ఉదయం పాత పెట్టె ఎలా ఉందో చూద్దామని దాని గోడకు చెవి ఆనించింది. మోత మధ్యలో సన్నగా ఒక కూత. పీ... పీ... పీ... తిరనాళ్లలో కొన్న పీపీని దిండు కింద పెట్టి ఊదినట్టు. ఇంతవరకూ చెవులారా ఎన్నడూ విననిది, పాఠంలో మాత్రం చెప్పింది. కొత్త రాణి పుట్టింది. గూళ్లలో ఇంకా రెండో రాణి ఉంది, అది కూడా బదులు కూస్తోంది. అంటే, ఇదే ఎండ ఇంకో రెండు రోజులుంటే మరో గుంపు లేస్తుంది.

ఆమె తల ఎత్తి ఆకాశం చూసింది. ఒక్క మబ్బు లేదు. తర్వాత మొగుడి వైపు చూసింది.

"మన దగ్గర ఇంకో పెట్టె లేదండీ."

యలమంద ఆ చూపు ఎటు తిరుగుతోందో గమనించాడు. తలుపులోంచి కనిపిస్తున్న తన చెక్కపెట్టె వైపు.

"అందులో నా చొక్కాలున్నాయి" అన్నాడు.

"దండెం మీద వేసుకోవచ్చు. ఎలాగూ చలి పోయిందిగా" అంటూ ఆమె అప్పటికే ఇంట్లోకి పరుగెత్తింది.