నకిట్టో రాయని రిపోర్టు

నకిట్టోకు నిచ్చెన ఎక్కడం నేర్పింది సాలోంగో డుంబా. కవలల తండ్రి కాబట్టి అందరూ ఆయన్ని సాలోంగో అనే పిలిచేవారు. కంపాలాలో మా ఫైర్ స్టేషన్‌కు కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ ఆయన చేతికింద ఆరు నెలలు నలిగినవాళ్లే. నేను ఫైరింజను డ్రైవర్ని. మొదటిసారి నిచ్చెన మీద నకిట్టో సగంలో ఆగిపోయిన రోజు నేనక్కడే ఉన్నాను.

"దిగిపో! పోయి అరటికాయలమ్ముకో," అని కింద నుంచి అరిచాడాయన.

ఆమె దిగలేదు. సాయంత్రానికి మూడో అంతస్తు కిటికీలో కూర్చుని, "సాలోంగో, అరటికాయలు ఎంతకమ్మమంటారు?" అని అడిగింది. ఆయన పడీపడీ నవ్వాడు. ఆ రోజు నుంచి ఆమె ఆయనకు కూతురైపోయింది.

పదేళ్లలో నకిట్టో మా రెస్క్యూ జట్టుకు లీడరైంది. ఆయన రిటైరై, ఊరి నడుమనున్న ములుంగి ఆర్కేడ్‌లో సేఫ్టీ మేనేజరుగా కుదిరాడు. నాలుగంతస్తుల భవనం. కిందంతా బట్టల కొట్లు, పై అంతస్తులో టైలర్లు.

జూన్‌లో నకిట్టో అక్కడికి తనిఖీకి వెళ్లినప్పుడు డాబా తలుపుకు తాళం కనిపించింది. తలుపు సందులోంచి చూస్తే డాబా నిండా ఫోము పరుపులు. యజమాని దాన్ని గోదాముగా ఎవరికో అద్దెకిచ్చేశాడు.

"ఏంటిది సాలోంగో? మెట్లలో పొగ నిండితే ఈ టైలర్లంతా ఎటు పోవాలి?"

"నాకు తెలీదటే? వారంలో ఖాళీ చేయిస్తాను. నువ్వు రిపోర్టులో రాశావంటే ముందు ఊడేది నా ఉద్యోగం. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు తల్లీ?"

"వారమేగా?"

"నా కవలల మీద ఒట్టు."

నకిట్టో రాయలేదు. గేటు దగ్గరి పుస్తకంలో పేరు రాసి, సంతకం పెట్టి వచ్చేసింది. వారం పోయాక ఫోన్ చేస్తే, "పరుపులూ లేవు, తాళమూ లేదు. నిశ్చింతగా ఉండు," అన్నాడు. ఆమె మళ్లీ వెళ్లి చూడలేదు. ఆయన చెప్పాక ఇంక చూసేదేముంది అనుకుంది.

ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి ఆర్కేడ్ రెండో అంతస్తులో అంటుకుంది. సందు నిండా అద్దె బైకులు, చెప్పుల బళ్లు. ఇంజను లోపలికి దూర్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మా నిచ్చెన మూడో అంతస్తు వరకే అందింది. పై కిటికీలకు ఇనుప ఊచలు. పొగకు మెట్ల మీద కాలు పెట్టే వీల్లేదు.

"డాబా తలుపు తెరిచే ఉంది. పక్క బిల్డింగు మీంచి దాటుదాం," అంది నకిట్టో.

అంత నమ్మకంగా అంది కనుకే, బరువెక్కువని ఇనుము కోసే కట్టర్‌ను జట్టువాళ్లు ఇంజన్లోనే వదిలేశారు. తాళ్లు, గొడ్డలి, చిన్న నిచ్చెన తీసుకుని పరుగెత్తారు. రెండు డాబాల మధ్య నిచ్చెన వేసి, దాని మీద పాకుతూ దాటారు.

పరుపులు అలాగే ఉన్నాయి. తలుపుకు అడ్డంగా ఇనుప పట్టీ వేసి వెల్డింగ్ చేయించారు. గొడ్డలి దెబ్బకు దాని మీది రంగు మాత్రం రాలింది.

"కట్టర్!" అన్న కేక రేడియోలో వినగానే, పంపు ఇంకొకరికి అప్పగించి దాన్ని నేనే మోసుకెళ్లాను. నేను చేరేసరికి ఆమె తలుపుకు నోరు ఆనించి లోపలివాళ్లతో మాట్లాడుతోంది. పట్టీ తెగేసరికి మొత్తం పదమూడు నిమిషాలైంది. పదహారు మంది బతికి బయటపడ్డారు. తలుపు దగ్గరే కూలిపోయిన నంబూజె అనే టైలరు మాత్రం మళ్లీ ఊపిరి తీసుకోలేదు.

విచారణలో సాలోంగో గేటు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. నకిట్టో సంతకం పైన ఒక వాక్యం ఉంది: 'డాబా తలుపు చూశాను, అభ్యంతరం లేదు.'

"కూతురి లాంటిదండీ. చెప్పడానికి నోరు రావడం లేదు. కానీ పర్వాలేదన్నది ఆమే," అన్నాడు.

అధికారి ఆమె వైపు తిరిగాడు. "సంతకం నీదేనా?"

"నాదే. పైన రాసింది సాలోంగో. నాకు పాఠాలు రాసిచ్చిన చేతిరాతే అది, నేను గుర్తుపట్టలేనా?"

"సరే, చూశావుగా. రిపోర్టులో ఎందుకు రాయలేదు?"



బయట వరండాలో నకిట్టో సాలోంగోను ఆపింది. "మీ ఉద్యోగం కోసం నోరు మూసుకున్నాను. తాళం తీయలేదని ఒక్క మాట చెప్పుంటే కట్టర్ తీసుకెళ్లేదాన్ని కదా!"

"నువ్వు చిన్నదానివి, మళ్లీ నిలదొక్కుకుంటావు. నావల్ల కాదు తల్లీ."

"తల్లీ అనకండి."

తప్పు ఇద్దరిదీ అని తేల్చారు. యజమాని సాలోంగోను ఉద్యోగంలోంచి తీసేశాడు. నకిట్టోను రెస్క్యూ జట్టు నుంచి తప్పించి, చిరిగిన పైపులు అతికే షెడ్డులో వేశారు. ఒక ఆదివారం ఆమె నంబూజె ఇంటికి వెళ్లి, జూన్‌లో ఆ తలుపు చూసి కూడా ఊరుకున్నానని భర్తతో చెప్పేసింది. ఆయన "లోపల్నుంచి మా ఆవిడ ఏమైనా అందా?" అని అడిగాడు.

"ఇంకెంతసేపని రెండుసార్లు అడిగింది."

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు.

డిసెంబర్లో సాలోంగో ఇంట్లో విందు పెట్టి పాత శిష్యులందరినీ పిలిచాడు. నకిట్టో వెళ్లలేదు. మేమంతా వెళ్లాం. నేనూ తిన్నాను, నవ్వాను కూడా. ఆ సంగతి ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు.