ఖుదాకరం కడగని దేహం

ఇరాన్‌లోని షూష్తర్ ఊళ్ళో ఖుదాకరం చెయ్యి చాస్తే ఎవరూ అందుకునేవారు కాదు. పండగపూట ఎదురుపడినా సరే, గుండెల మీద చెయ్యి పెట్టుకుని రెండడుగుల దూరం నుంచే పలకరించి జారుకునేవారు. ఆ చేతులు చేసే పని అలాంటిది మరి. శ్మశానం గేటు పక్క గదిలో ముప్ఫై ఏళ్ళుగా అతను శవాలకు స్నానం చేయిస్తున్నాడు. మొదట రేగాకు కలిపిన నీళ్ళు, తర్వాత కర్పూరం నీళ్ళు, ఆఖరున వట్టి నీళ్ళు. భూస్వామికైనా బిచ్చగాడికైనా అదే వరస, అదే ఓపిక. చలికాలం వస్తే నీళ్ళు గోరువెచ్చగా కాచేవాడు.

"చచ్చినవాడికి చలేంటయ్యా!" అని గోతులు తవ్వేవాడు ఎగతాళి చేసేవాడు.

"నీకెలా తెలుసు? చచ్చి చూశావా?" అనేవాడు ఖుదాకరం.

ఇరాకుతో యుద్ధం వచ్చాక ఊళ్ళోకి వచ్చే శవాలు పెరిగాయి, అతనికి మాత్రం పని పెరగలేదు. పోరులో పడ్డచోటే ప్రాణం పోయినవాడు షహీద్. షహీద్‌కి స్నానం లేదు, చుట్టడానికి కఫన్ గుడ్డ లేదు. ఒంటి మీది బట్టలతో, ఆ నెత్తుటితోనే మట్టిలోకి వెళ్తాడు. గాయపడి ఆసుపత్రి దాకా వచ్చి పోయినవాడికి మాత్రం మూడు నీళ్ళూ పడాల్సిందే.

అతనికి ఒక్కడే కొడుకు, నూరలీ. సైన్యంలో నిర్బంధ సేవకు వెళ్ళి లారీ తోలేవాడు. యుద్ధం రెండో వసంతంలో ఆ ఒక్కడూ పోయాడు.

శవాన్ని పొద్దున్నే పాస్దార్లు తెచ్చారు. విప్లవాన్ని కాపాడటానికని సైన్యానికి పక్కన పుట్టిన దళం వాళ్ళది. వాళ్ళకి నాయకుడిగా వచ్చినవాడు ఆ వీధివాడే, కమ్మరి కొడుకు కరీంపూర్. బండి దిగుతూనే ఖుదాకరం రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. అలా ఆ చేతుల్ని పట్టుకున్న పరాయి మనిషి అతనే మొదటివాడు.

"బాబాయ్, ఆ రోజు వాడు మా దళానికే మందుగుండు మోసుకొచ్చాడు. గట్టు మీద నా కళ్ళముందే పడ్డాడు."

గుండెలు బాదుకుంటున్న తల్లి గులందాం టక్కున ఆగింది. "నొప్పి పడ్డాడా నాయనా?"

"నొప్పి తెలిసేలోపే అయిపోయింది పిన్నీ. ఒక్క క్షణం. ఒట్టు."

ఆవిడ ఆ మాటను పట్టుకుంది. ఇంక పట్టుకోవడానికి ఏముంది గనక, పాపం! గోడకి చేరగిలబడి, "ఒక్క క్షణమేనట" అని పక్కావిడతో చెప్పింది.

అంతలో సైన్యం జీపు వచ్చింది. సార్జెంటు చేతిలో ఇంకో కాగితం.

"వీడు మా సిపాయి. నిన్న తెల్లారాక మా గుడారం ఆసుపత్రిలో పోయాడు. మాతో ఒక్కమాట చెప్పకుండా తెచ్చేశారేంటి? స్నానం చేయించాలి."

"మీ పాత రాజు షా కాలపు బూట్లు విప్పి మాట్లాడండి!" కరీంపూర్ మండిపడ్డాడు. "షహీద్‌కి నీళ్ళు పోస్తారా?"

"దాడికి వెళ్ళేముందు మాతో చెప్పడం చేతకాదు గానీ, చచ్చినవాడు మాత్రం మీవాడైపోతాడా!"

ఇద్దరూ తాము చూసిందే చెబుతున్నారు. ఒకడు పడిపోవడం చూశాడు, ఇంకొకడు పోవడం చూశాడు. కానీ స్నానం అన్న మాట గులందాం చెవిన పడనే పడింది. శవాలు కడిగేవాడితో ముప్ఫై ఏళ్ళు కాపరం చేసిన మనిషికి దాని అర్థం ఎవరు చెప్పాలి? లేచి మొగుడి చొక్కా పట్టుకుంది.

"నూరలీ నాన్నా, నువ్వు చూసి చెప్పు. నువ్వేం చెబితే అదే నమ్ముతాను. వెంటనే పోయాడా, కొట్టుకుని కొట్టుకుని పోయాడా?"

ఖుదాకరం ఒక్కడే లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. దుప్పటి తీశాడు. కడుపు చుట్టూ పొందిగ్గా కట్టిన కట్టు, మోచేతి మడతలో సూది గుర్తు, కింది పెదవికి అంటుకున్న దూది పోగు. కడుపు గాయమైనవాడు ఎంత దాహమన్నా నీళ్ళివ్వరు, తడిదూదితో పెదాలు అద్దుతారంతే. అతను కొడుకు పాదాలు పట్టుకుని, నోట్లో తలపాగా కుక్కుకుని ఏడ్చాడు.

తొట్టి నిండా నీళ్ళున్నాయి. తెల్లవారుజామున తనే కాచాడు. చెయ్యి ముంచాడు, గోరువెచ్చగా ఉన్నాయి. ఎంతమంది పరాయివాళ్ళకు పోశాడో! ఇప్పుడు ఒక్క చెంబు ఒంపితే చాలు, నీళ్ళ చప్పుడు బయటికి వినిపిస్తుంది, ఆవిడకి తెలిసిపోతుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మూలనున్న మట్టి మీద రెండు అరచేతులూ అద్ది కొడుకు నుదుటి మీదా, చేతుల మీదా తుడిచాడు. నీళ్ళు దొరకనిచోట అలా చేస్తే స్నానం కిందే చెల్లుతుంది. నిండు తొట్టి పక్కన చెల్లదని అతనికంటే బాగా తెలిసినవాడు ఆ ఊళ్ళో లేడు.

బయటికి వచ్చి, "నీళ్ళు అక్కర్లేదు. వెంటనే పోయాడు" అన్నాడు.

సార్జెంటు అతని మొహంలోకి చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని సెల్యూట్ చేశాడు.

ఊరు ఊరంతా శవం వెంట నడిచింది. అందరూ బారులు తీరి ఖుదాకరం చెయ్యి పట్టుకున్నారు. ఒక్కొక్కరు పట్టుకుంటున్నకొద్దీ అతనికి ఆ చేతులు నరికేసుకోవాలనిపించింది.

నలభయ్యో రోజు భోజనాలై జనం వెళ్ళిపోయాక, మధ్యాహ్నం వీధి తలుపు చప్పుడైంది. చేతికి కట్టుతో తబ్రీజు ఊరి సిపాయి ఒకడు నిలబడి ఉన్నాడు.

"ఆసుపత్రిలో నూరలీ పక్క మంచం నాది బాబాయ్. పోయేదాకా ఆ మూడు గంటలూ వాడు మీ గురించే... మా నాన్నతో ఈ మాట చెప్పు అని..."

ఖుదాకరం చటుక్కున ఆ కుర్రాడి నోరు మూశాడు.

"ఎవరూ?" లోపల్నుంచి గులందాం కేకేసింది.

"ఎవరో, దారి అడుగుతున్నాడు."

"ఎండనపడి వచ్చినట్టున్నాడు. టీ తాగి వెళ్ళమను."

"తొందరగా వెళ్ళాలట."

కుర్రాడి కళ్ళు నిండిపోయాయి. "ఒక్క మాటే బాబాయ్. గొంతు తగ్గించి చెబుతా" అని గుసగుసలాడాడు.

ఆ మాట కోసం ఖుదాకరం ప్రాణమైనా ఇచ్చేవాడు. లోపల గులందాం చెప్పుల చప్పుడు గుమ్మం వైపు వస్తోంది. తల అడ్డంగా ఊపి, తలుపు మూసి గడియ పెట్టాడు.

ఆ తర్వాత అతను పంతొమ్మిదేళ్ళు బతికాడు. ఆ మాటేమిటో అతనికి తెలియలేదు.