బిళ్ళ పెట్టి కొలిచిన గుండు

నాలుగు మేకల ప్రాణాలు, ఒక మనిషి చేతివేళ్ళు రెండు, అదే మనిషి మూడేళ్ళుగా ఎదురుచూసిన సెలవు. వీటన్నిటికీ ఒక్క వారంలో ఎసరు పెట్టిన ఘనుణ్ణి నేను. అదీ కుర్చీలోంచి లేవకుండా, ఫోన్ మీద బొటనవేలు కదిపి. ఎలాగో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే అదీ కానివ్వండి, ఆరేళ్ళుగా నేనూ అదే పని మీద ఉన్నాను.

అప్పుడు నేను రియాద్ సనాయియాలో, అంటే వర్క్‌షాపుల పేటలో, ట్రైలర్ సామాన్ల కొట్లో కౌంటర్ మీద కూర్చునేవాణ్ణి, ఇప్పటికీ అక్కడే. బండి వెనక తగిలించుకుని లాక్కుపోయే ట్రైలర్లకు కావలసినవన్నీ మా దగ్గర దొరికేవి. బేరింగులు, గొలుసులు, లైట్లు, అన్నిటికన్నా ముఖ్యం టో బాల్. బండి వెనక బిగించే ఇనుప గుండు అది. ట్రైలర్ ముక్కున ఉండే ఇనుప టోపీ దాని మీద కూర్చుని లాక్ పడుతుంది. గుండు టోపీకి సరిపోవాలి. చిన్నదైతే లాక్ పడ్డట్టే ఉంటుంది, గతుకు వస్తే టోపీ ఎగిరిపోతుంది. ఈ విద్య మొత్తం ఇంతే. ఇందులోనే నేను తప్పాను.

కాకినాడలో డిప్లొమా చదివి వచ్చానన్న గర్వం ఒకటి ఉండేది నాకు. ట్రైలర్ ఫోటో చూపిస్తే చాలు, ఏ దేశంలో చేసిందో, ఇరుసు ఎంతదో, ఏ పార్టు పడుతుందో చెప్పేసేవాణ్ణి. పదింట ఎనిమిది సార్లు సరిపోయేది. మిగతా రెండూ కస్టమర్ తప్పని తేల్చేసేవాణ్ణి. మా కొట్లో ఇరవై ఏళ్ళుగా స్టోర్ చూస్తున్న యూసుఫ్ భాయ్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ఆయన జేబులో ఎప్పుడూ మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ ఉండేది.

"సుధాకర్, కొలవకుండ ఇయ్యకు బేటా. ఇనుము అబద్ధం చెప్పది, మనమే చెప్తం" అనేవాడు.

"భాయ్, కొలిచేవాడు మెకానిక్కు. చూసి చెప్పేవాడు ఇంజనీరు" అనేవాణ్ణి. అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడిందంటారు. నయం, ఆ బల్లి ఒక్కతే పడింది. నేను ఖాజాను కూడా పట్టుకుని పడ్డాను.

ఖాజాది రాయచోటి. అబూ ఫహద్ అనే సౌదీ ముసలాయన దగ్గర డ్రైవరు. ఆయనే అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని. రియాద్‌కు మూడు గంటల దూరంలో ఎడారిలో ఆయనకు మేకల దొడ్డి ఉంది. ఖాజా కాపురం అక్కడే, మేకలతో. ఊరొదిలి వచ్చిన నాలుగు నెలలకు కూతురు పుట్టింది. ఆ పిల్లను ఇంతవరకు చేత్తో ముట్టుకోలేదు. "మీ అబ్బా యాడమ్మా" అని ఎవరన్నా నాన్న గురించి అడిగితే ఆ పిల్ల పరిగెత్తుకెళ్ళి వాళ్ళమ్మ ఫోన్ తెచ్చిచ్చేదట. ఈ మాట నాతో చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వినందుకు సిగ్గేస్తుంది.

ఆ వారం ఆదివారంనాడు ఖాజా ఫోన్ చేశాడు.

"సార్, బండెనక గుండు అరిగిపోయినాది. బోల్టు గూడా పగిలింది. బుధవారం పదకొండు మేకల్ని కొత్త దొడ్డికి తోలల్ల. అది అయిపోతే శనివారం నన్ను ఊరికి పంపిస్తానన్నాడు కఫీల్. టికెట్ గూడా తీసినాడు."

"గుండు మీద సైజు రాసుంటుంది చూడు."

"అంతా అరిగిపోయినాది సార్, ఒక్క అచ్చరం కనపళ్ళా. పట్నానికి వచ్చేకి ఈడ నన్ను ఇడిపించే మనిషి లేడు."

ఇక్కడ నాలోని ఇంజనీరు లేచాడు. "ఏం పర్లేదు. గుండు పక్కన ఒక రియాల్ బిళ్ళ పెట్టి ఫోటో తీసి వాట్సాప్ చెయ్యి. మిగతాది నేను చూసుకుంటా" అన్నాను.

పది నిమిషాలకు ఫోటో వచ్చింది. దాని వెంబడే రెండు నిమిషాల పదిహేను సెకన్ల వాయిస్ వచ్చింది. ఖాజా వాయిస్‌ల సంగతి మీకు చెప్పాలి. సలాంతో మొదలయ్యేవి. నా ఆరోగ్యం, మా ఇంట్లో వాళ్ళ ఆరోగ్యం, రియాద్‌లో ఎండ, దొడ్డిలో ఎండ, నేను అన్నం తిన్నానా లేదా, ఇవన్నీ అయ్యాకగానీ విషయం వచ్చేది కాదు. ఎడారిలో మేకలతో తప్ప ఎవరితోనూ మాట్లాడని మనిషి మరి ఏం చేస్తాడని నాకు తోచలేదు. వినకుండానే బొటనవేలి బొమ్మ పంపించాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత. ఆ చెవిటివాడు కనీసం బాగుందని మెచ్చుకోలేదు కదా.

తర్వాత ఫోన్ తెర మీద స్కేలు పెట్టి బిళ్ళను కొలిచాను, గుండును కొలిచాను. రియాల్ బిళ్ళ ఇరవై మూడు మిల్లీమీటర్లు. హెచ్చించి భాగిస్తే గుండు నలభై ఏడుకు దగ్గరగా తేలింది. మా దగ్గర రెండంగుళాల గుండు ఉంది, దానికన్నా మూడు మిల్లీమీటర్లు చిన్నది ఇంకోటి ఉంది. లెక్క చిన్నదాన్నే చూపించింది.

"భాయ్, చిన్నది తియ్యి" అన్నాను.

యూసుఫ్ భాయ్ ఫోటో చూసి మొహం చిట్లించాడు. "గసొంటి బండ్లకు రెండంగుళాలదే ఉంటది ఎప్పుడు. ఒక్కసారి అడుగు ఆ పిల్లగాన్ని."

"లెక్క వేశాను భాయ్. లెక్క కంటే అడగడం గొప్పదా?"

ఆయన అరల్లోకి వెళ్ళాడు. గుండు తీసి కౌంటర్ మీద పెట్టాడు. సోమవారం అటు వెళ్ళే కూరగాయల వ్యానులో పంపేశాం.

మంగళవారం సాయంత్రం ఖాజా దగ్గర్నుంచి ఇంకో వాయిస్ వచ్చింది, నిమిషం నలభై సెకన్లు. గుండు అందిందని థాంక్స్ చెబుతున్నాడనుకున్నాను. మళ్ళీ బొటనవేలు.

బుధవారం పొద్దున్న పదిన్నరకు ఫోన్. ఖాజా సలాం చెప్పలేదు.

"సార్, ట్రైలర్ ఊడిపోయినాది."

తారు రోడ్డు దిగేచోట చిన్న గతుకు వచ్చిందట. టోపీ గుండు మీంచి ఎగిరింది. మేకలతో సహా ట్రైలర్ తనంతట తాను రోడ్డుకు అడ్డంగా పోయింది. ఎదురుగా పిల్లాజెల్లాతో ఒక వ్యాను వస్తోంది. మూర దూరంలో ప్రమాదం తప్పింది. వ్యాను కిటికీలో ఒక పిల్లవాడు నోరు తెరుచుకుని చూడడం తనకు కనిపించిందని చెప్పాడు ఖాజా. ట్రైలర్ ఇసుకలో పల్టీ కొట్టింది. మేకల్ని బయటికి లాగుతుంటే ఇనుప తలుపు చేతి మీద పడి రెండు వేళ్ళు విరిగాయి. నాలుగు మేకలు చచ్చిపోయాయి.

"నొప్పిగా ఉందా?" అని అడిగాను. మనిషికి బుద్ధి లేనప్పుడు అడిగే ప్రశ్న అదే.

"వేలు సంగతి ఇడ్సండి సార్. కఫీల్ సెలవు ఆపేసినాడు. ఎవరి తప్పో తేలేదాకా ఊరు మాట ఎత్తొద్దన్నాడు. మీరు చెప్పండి సార్ ఆయప్పకు. మీరు ఇంజనీరు, మీ మాట నమ్ముతాడు."

అరగంటకు అబూ ఫహద్ కొట్టుకు ఫోన్ చేశాడు. నాకొచ్చిన అరబ్బీ కౌంటర్ అరబ్బీ. పార్టుల పేర్లు, ఉంది, లేదు, బాగుంది, రేపు రా. ఆయన అడిగింది మాత్రం బాగానే అర్థమైంది. గుండు మంచిదేనా, కాదా?

మా ముదీర్, అంటే మేనేజరు, పక్కనే నిలబడి ఉన్నాడు. నా నోరు దానంతట అది తెరుచుకుంది. "కూరా కువైస్. సవ్వాగ్ మా గఫ్ఫల్." గుండు బాగుంది, డ్రైవరే లాక్ వెయ్యలేదు అని. అప్పటికి సౌదీలో ఉన్న నాలుగేళ్ళలో నేను ఒక్క తడబాటూ లేకుండా మాట్లాడిన అరబ్బీ ఆ ఒక్క అబద్ధమే.

ఫోన్ పెట్టాక చూస్తే యూసుఫ్ భాయ్ నన్నే చూస్తున్నాడు.

"లాక్ ఏసిండో లేదో నీకెట్ల ఎరుక?"

నేను బిల్లుల పుస్తకం తిరగేశాను.

"ఆ పిల్లగాడు వాయిస్‌లు పంపిండు గద. ఏమన్నడు?"

"వినలేదు భాయ్."

"ఇను."

"తర్వాత…"

"ఇప్పుడే ఇను. గట్టిగ పెట్టు, నేను సుత ఇంట."

పెట్టాను. మొదటిది. సలాం సార్, బాగుండారా, అమ్మగారు బాగుండారా, ఈడ ఎండ మండిపోతాంది, మీరు నీళ్ళు బాగా తాగల్ల, కూర్చోని చేసే పనైనా ఒళ్ళు చూసుకోవల్ల. నిమిషంన్నర ఇదే. నా ఒళ్ళు గురించి ఈ ప్రపంచంలో అంత శ్రద్ధగా అడిగినవాడు లేడు. ఆ తర్వాత వచ్చింది అసలు సంగతి.

"సార్, రియాల్ బిళ్ళ యాడ ఎతికినా దొరకలే. రెండు రియాళ్ళ బిళ్ళ ఉంటే పెట్టినా. లెక్కకు ఏమన్నా తేడా వస్తాదేమో మీరే చూసుకోండి. ఇంకోటి, గుండుకు తోడు గొలుసు గూడా ఒకటి పంపీండి సార్. పాతది తెగిపోయినాది. గొలుసు ఉంటే టోపీ ఊడినా ట్రైలర్ పోకుండా పట్టుకుంటాది గదా."

రెండు బిళ్ళలూ నడుమ ఒక రంగు, అంచున ఒక రంగు ఉంటాయి. ఎండలో తీసిన ఫోటోలో రంగులు తెలియలేదు. రెండు రియాళ్ళ బిళ్ళ రెండు మిల్లీమీటర్లు పెద్దది. ఆ రెండే గుండుకొచ్చేసరికి నాలుగయ్యాయి.

"రెండోది పెట్టు" అన్నాడు యూసుఫ్ భాయ్.

"వద్దు భాయ్."

ఆయనే నొక్కాడు. మళ్ళీ సలాం, మళ్ళీ నా ఆరోగ్యం. తర్వాత: "సార్, గుండు బిగిచ్చినా. లాక్ పడింది గానీ టోపీ లోపల లొడలొడ కొడతాంది. నాకు దిగులుగా ఉండాది. రేపు తోలమంటారా, ఆపమంటారా? మీరు ఎట్ల చెప్తే అట్ల సార్."

దాని కింద నా బొటనవేలు, పైకెత్తి, పచ్చగా నవ్వుతున్నట్టు.

యూసుఫ్ భాయ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. కొట్టు బండి తాళాలు తెచ్చి నా ముందు పెట్టాడు. "నేనొస్త అనుకోకు. నువ్వు చెప్పిన ముచ్చట నువ్వే వాపస్ తీస్కోవాలె" అన్నాడు. ఆ రోజంతా తాళాల వంక చూస్తూ కూర్చున్నాను. గురువారం పొద్దున్నే బయల్దేరాను.

అబూ ఫహద్ దొడ్డి ముందు గుడారంలో కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. గుమ్మం దగ్గర ఖాజా కట్టు కట్టిన చేత్తో నిలబడ్డాడు. నన్ను చూసి కళ్ళు వెలిగాయి. సార్ తన తరఫున చెప్పడానికి ఇంత దూరం వచ్చాడనుకున్నాడు పాపం. అతని గురించి నేను చెప్పిన మాట అతనికి ఇంకా తెలియదు.

"అనా గల్తాన్" అన్నాను, తప్పు నాదని.

ముసలాయన ఎందుకు, ఎలా, మరి నిన్న అలా ఎందుకన్నావు అని గబగబా అడిగాడు. నా దగ్గరున్న అరబ్బీ అక్కడికి అయిపోయింది. బిళ్ళకూ, హెచ్చవేతకూ, వినని వాయిస్‌కూ మా కౌంటర్ భాషలో మాటల్లేవు. ముసలాయన విసుక్కుని ఖాజాను చేత్తో పిలిచాడు, వీడేమంటున్నాడో చెప్పమని.

చూడండి నా గతి. ఖాజా మీద నేను చెప్పిన అబద్ధాన్ని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలును అరబ్బీలో చెప్పిపెట్టాల్సినవాడు ఖాజా.

"చెప్పండి సార్" అన్నాడు.

బిళ్ళ సంగతి చెప్పాను. తిప్పి చెప్పాడు. గొలుసు సంగతి చెప్పాను. చెప్పాడు. రెండు వాయిస్‌లూ వినకుండానే బొమ్మ పెట్టానన్నాను. ఖాజా ఆగి నా వైపు చూశాడు. "రెండూ ఇనలేదా?" అన్నాడు తెలుగులోనే. లేదన్నాను. అదీ చెప్పాడు, కాస్త మెల్లగా.

"నిన్న ఈయన ఫోన్ చేసినప్పుడు, నువ్వు లాక్ వెయ్యలేదని చెప్పాను ఖాజా. అది అబద్ధం. తెలిసే చెప్పాను."

అతను కట్టు కట్టిన చెయ్యి రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ముసలాయన వైపు తిరిగి నాలుగే నాలుగు మాటలు చెప్పాడు. ముసలాయన నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. ఫోన్ తీశాడు, అద్దాలు పెట్టుకుని ఏదో నొక్కాడు. ఖాజా ఫోన్ మోగింది. సెలవు వీసా మంజూరైందన్న మెసేజ్.

బయటికొచ్చాక అడిగాను. "నేనంత చెబితే నువ్వు నాలుగు మాటలే చెప్పావేంటి? అబద్ధమని చెప్పలేదా?"

"చెప్పలే. నీకు గాబరా పుట్టి నోరు జారిందని చెప్పినా."

అతను నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. సార్ కూడా పోయింది.

"నన్ను కాపాడావు ఖాజా" అన్నాను. నాకు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నిన్ను కాపాడేకి నాకేం పని? అబద్ధమని చెప్తే ఆయప్ప పోలీసు టేషనంటాడు, కేసంటాడు. కేసు తెగేదాకా సాచ్చికానికి నేను ఈడనే ఉండల్ల. శనివారం నా బిడ్డను చూడల్ల నేను. నీ ఒళ్ళు ఎట్ల పోతే నాకేంది?"

బండెక్కుతుంటే అద్దం దగ్గరికొచ్చి ఇంకో మాట అన్నాడు. "తిరిగొచ్చినాక మీ అంగట్లో నట్టు గూడా కొనను."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. మూడు నెలలకు తిరిగొచ్చాడు, ఎదురుగా ఉన్న కొట్లోనే కొంటున్నాడు. ఆ కొట్టువాడు ప్రతిదీ పదిపైసలెక్కువ చెబుతాడు, ఖాజాకు అది తెలుసు, అయినా అక్కడే కొంటాడు.

కనుక సనాయియాలోని సమస్త నట్లు, బోల్టుల సాక్షిగా, నాలుగు మేకల ఆత్మశాంతి కోరుతూ నేను చేస్తున్న ప్రతిజ్ఞ ఏమనగా: వెర్నియర్ తాకని వస్తువు నా చేతి మీదుగా కౌంటర్ దాటదు. ఎదుటి మనిషి చెప్పేది ఆఖరి మాట దాకా విననిదే నా వేలు కదలదు. మరోసారి నోరు జారితే, ఆ మాట ఎవరి మీద పడిందో అతన్నే నా తరఫున తర్జుమాకు పిలుచుకుంటాను. అంతకన్నా పెద్ద శిక్ష నాకు తెలియదు.