దస్తగిరి తాత రాగిగిన్నె

నిన్న అంట్లు తోముతుంటే తొట్టిలో ఒక గిన్నె బుడుంగుమని మునిగింది. అంతే, సబ్బు చేతులతోనే వాకిట్లోకి ఉరికాను, ఎవరి వంతో అయిపోయినట్టు! లోపల టీవీలో రెండు దేశాలు ఒకే నది కోసం జగడమాడుతున్నాయి. పైవాళ్లు ఆపారని కిందివాళ్లు, అబద్ధమని పైవాళ్లు. హిందూపురం దగ్గరి ఈ మా ఊళ్లో, నాకు మాత్రం దస్తగిరి తాత గుర్తొచ్చి మనసు కుదురుగా లేదు.

మా చెరువుకు ఒకటే తూము. ఎడమ కాలువ మాకు, కుడి కాలువ సరిహద్దు అవతలి కన్నడ ఊరికి. నీళ్లు తగ్గితే వంతులు. వాటిని పంచే నీరుగంటి దస్తగిరి, ఊరందరికీ తాత. అడుగున సన్నని బెజ్జమున్న రాగిగిన్నెను తొట్టి నీళ్లమీద వదిలేవాడు. అది నిండి మునిగితే ఒక గిన్నె సేపు నీళ్లు పారినట్టు. ఇంటికి నాలుగు గిన్నెలు. ఫోనులో టైము చూసుకోవచ్చు కదా అంటే, "మీ ఫోను మీది, వాళ్ల ఫోను వాళ్లది. గిన్నె ఇద్దరిదీ" అనేవాడు. ఆయనకున్న రెండు మళ్ల వరికి వంతు అందరికన్నా ఆఖరు. "గిన్నె నా చేతిలో ఉండాది. ముందు నేనే తాగితే ఎవరు నమ్ముతారు పాపా?"

ఒక కరువు ఏడాది మా నాయన మంచాన పడి, మల్బరీ తోట నామీద పడింది. పట్టుపురుగులు గూళ్లు కట్టడానికి ఇంకా వారం. ఆకు వాడితే అన్నీ చస్తాయి. మా వంతు పారుతుండగా తాత, "రవ్వంత చూస్తాండు పాపా" అని నమాజుకు వెళ్లాడు. నా బుద్ధి గడ్డి తిన్నది. చీపురుపుల్లతో ఆ బెజ్జానికి బంకమట్టి రాశాను. గిన్నె మునగకుండా తేలుతూనే ఉంది, నీళ్లు నా తోటకు పారుతూనే ఉన్నాయి. తాత తిరిగొచ్చి గిన్నె తీసి ఎండకు ఎత్తి చూశాడు. బెజ్జంలోని మట్టిని గోటితో గీకాడు.

"పురుగులు చచ్చిపోతాయి తాతా" అని ఏడ్చాను.

"అవతల కూడా పురుగులుండాయి కదమ్మా" అన్నాడు.

అప్పటికే, మా తరువాతి వంతున్న కన్నడ ఊరి నంజుండప్ప కట్టెక్కి వచ్చాడు. "ఏమప్పా తాతా, మా వంతు యాడికి పాయె?"

"తప్పు నా గిన్నెలో పడింది నంజుండప్పా. నా వరి వంతు మీరు తీసుకోండి" అన్నాడు తాత. నేను నోరు విప్పలేదు. సిగ్గులేని దాన్ని, విప్పలేదు! ఆయన వరి ఎండింది, నా పురుగులు గూళ్లు కట్టాయి. ఆ మడి పక్కన నడవలేక ఎన్నాళ్లో చుట్టుదారిన తిరిగాను.

ఒంట్లో సత్తువ తగ్గాక తాత రెండు ఊళ్లనూ పిలిచి, ఆ గిన్నె నా చేతిలో పెట్టాడు. నాకెందుకని పక్కకు పిలిచి అడిగితే, "దొంగతనం యాడ జరుగుతాదో నీకు తెలుసు కదా" అన్నాడు.

ఇప్పుడు తాత లేడు. ఈ ఏడాదీ వానలు లేవు. మా తోట వంతు ఆఖరు. ప్రతి వంతుకూ ముందు బెజ్జంలో సూది దూర్చి, గిన్నెను ఎండకు ఎత్తి చూసి, నంజుండప్ప చేతికిస్తాను. ఈ ఉదయం కూడా ఇచ్చాను.

"ఇన్నేండ్లాయ, ఇంకా ఏం చూసేది? నాకు నీమీద నమ్మకముండాదమ్మా" అని నవ్వాడు.

"నామీద నాకు లేదన్నా. చూడు" అన్నాను.