కోలుకున్న బడి

తొంభై ఎనిమిదిలో, ఎడారిలో మనవాళ్ళు అణుపరీక్షలు చేసిన ఎండాకాలం గడిచి బడులు తెరిచాక, కాకినాడలో సైన్సు మాస్టార్లకి ఒక సదస్సు పెట్టారు. ఒక్కొక్కరికీ ఒక్కో అంశం ఇచ్చారు. నా వంతుకి వచ్చింది ఇది: పెద్ద ఎత్తున అణుదాడి జరిగితే ఒక దేశం తిరిగి కోలుకోగలదా? ఇరవై నిమిషాల్లో తేల్చి చెప్పాలి. మా హెడ్మాస్టారు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "మీకు సరిగ్గా సరిపోయిందండి, లెక్కలంటే ఇష్టం కదా" అని నవ్వారు.

ఇష్టమే. దేన్నయినా గళ్ళు గీసి పట్టిక వేస్తే తప్ప నమ్మని మనిషిని నేను. కూరలో ఉప్పెక్కువైందని అంటే, "ఎంత శాతం ఎక్కువైందో కూడా చెప్పండి, రాసుకుంటాను" అని మా ఆవిడ దెప్పేది. ఆ పది రోజులూ దొరికిన పుస్తకాలన్నీ తిరగేసి రాశాను. తిండి, నీళ్ళు, వైద్యం, రోడ్లు, మనుషులు. దెబ్బ ఎంత పెద్దదైనా, దేశంలో మిగిలిన భాగం పోయిన భాగాన్ని నెమ్మదిగా పూడ్చుకొస్తుందని నా వాదన. అందుకు ఉదాహరణ వెతుక్కోవడానికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. తొంభై ఆరు నవంబరు తుపాను మా బడిలోకే వచ్చి వెళ్ళింది.

మాది కోనసీమ చివర, సముద్రానికి బాగా దగ్గరగా ఉన్న హైస్కూలు. ఆ తుపానుకి తాటాకిళ్ళు ఒక్కటీ మిగల్లేదు. కొబ్బరితోటల్లో మొవ్వులు విరిగిపోయి మొండేలు నిలబడ్డాయి. ఉప్పునీళ్ళు తీశాక చేలల్లో తెల్లటి పొర మిగిలింది. నెల రోజుల పాటు బడి గదుల్లోనే జనం ఉన్నారు. నల్లబల్లల మీద తప్పిపోయినవాళ్ళ పేర్లు సుద్దముక్కతో రాసుకున్నారు. పాఠాలు మొదలుపెట్టినప్పుడు వాటిని తుడవాల్సి వచ్చింది. తడిగుడ్డ పెట్టి నేనే తుడిచాను, పిల్లల చేత చేయించడం ఇష్టంలేక.

మొదటి రోజు ఏడో తరగతిలో హాజరు పిలిచాను. మా దగ్గర నంబర్లతో పిలుస్తాం. వచ్చిన పిల్లలు "ఉన్నానండి" అంటారు. రాని పిల్లల తరఫున పక్కన కూర్చునేవాళ్ళు "రాలేదండి" అంటారు. అది ఎవరూ నేర్పని అలవాటు. పద్నాలుగో నంబరు పిలిచినప్పుడు క్లాసంతా తలలు దించుకుంది. కాసేపటికి ఆ పిల్ల పక్కన కూర్చునే అమ్మాయి, రోజూ అనే గొంతుతోనే, "రాలేదండి" అంది. నేను పుస్తకంలో గైర్హాజరు వేసి పదిహేను పిలిచాను.

ఆ పద్నాలుగో నంబరు పిల్ల తల్లి చేపలు అమ్ముకునే మనిషి. భర్త అంతకు ముందే జబ్బుచేసి పోయాడు. నీళ్ళు ఊరి మీద పడ్డప్పుడు పిల్ల చెయ్యి పట్టుకుని పరిగెత్తింది. గోదావరి పాయ దగ్గర ఆ చెయ్యి జారిపోయింది. శవం దొరకలేదు. కులపెద్దలు పదకొండో రోజు చేసెయ్యమంటే ఆమె ఒప్పుకోలేదు. బడి తెరిచిన వారానికి నా దగ్గరికి వచ్చి, గుమ్మం బయటే నిలబడింది.

"మేస్టారండీ, పుస్తకంలో మా పిల్ల పేరు కొట్టీకండి. మీరు పేరుంచి పిలుత్తుంటే చాలండి. ఇంకేం అడగను" అంది.

"అలాగేనమ్మా" అన్నాను. మాట ఇవ్వడం ఎంత తేలికో.

వరసగా పదిహేను రోజులు రాని పిల్ల పేరు తీసెయ్యాలని మాకు నియమం. పోయిన పిల్లల పేర్లు, చుట్టాల ఊళ్ళకి తరలిపోయిన పిల్లల పేర్లు అప్పటికే తీసేశాను. ఈ ఒక్కటి మాత్రం మార్చి దాకా లాక్కొచ్చాను. రోజూ పద్నాలుగు అనడం, "రాలేదండి" అనే జవాబు, గైర్హాజరు గుర్తు. ఇంతలో ఇన్‌స్పెక్షన్ తారీకు వచ్చిపడింది. హెడ్మాస్టారు నా రిజిస్టరు తిరగేసి, "ఏంటండీ ఇది? నాలుగు నెల్ల నుంచి రాని పిల్లని ఉంచి శాతం ఎందుకండీ పాడుచేసుకోవడం? తీసెయ్యండి" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. తుపానులో ఆయన ఇంటి కప్పూ ఎగిరిపోయింది. కనీసం బడయినా బాగుందనిపించుకోవాలని ఆయన తాపత్రయం. నేను ఎర్రసిరాతో గీత గీసి, పక్కన ఆ రోజు తారీకు వేసి, సంతకం పెట్టాను. అరనిమిషం పని.

మర్నాడు పదమూడు పిలిచి పదిహేనుకి వెళ్ళబోతుంటే, ఆడపిల్లల వైపు నుంచి "రాలేదండి" అని వినిపించింది. నేను పిలవలేదు. తల ఎత్తి చూస్తే ఆ అమ్మాయి పుస్తకంలోకి చూస్తోంది. బడికి సెలవులిచ్చే దాకా రోజూ అంతే.

జూన్‌లో ఎనిమిదో తరగతికి కొత్త పుస్తకం రాశాను. వరసలో పద్నాలుగో నంబరు ఇంకో పిల్లకి వచ్చింది. ఎన్నిసార్లు పిలిచినా ఆ పిల్ల పలకదు. నాకు కోపం వచ్చి గంటసేపు నిలబెట్టాను. ఏడ్చింది గానీ పలకలేదు. ఆ సాయంత్రం స్టాఫ్ రూములో కూర్చుని పట్టిక మొత్తం మళ్ళీ రాశాను. పద్నాలుగు ఎవరికీ ఇవ్వలేదు. అప్పటికి పిల్లల మీద కోపం పోయి, భయమేసింది. వాళ్ళు నాకన్నా గట్టివాళ్ళని అర్థమైంది.

అదే నెలలో ఆ చేపలమ్మే తల్లి మళ్ళీ వచ్చింది. "మా పిల్ల ఎనిమిదిలోకొచ్చిందాండి?" అని అడిగింది. మామూలుగా తల్లులందరూ అడిగినట్టే అడిగింది. "వచ్చిందమ్మా" అన్నాను. ఆ పైయేడు జూన్‌లో "తొమ్మిదిలోకొచ్చిందాండి?" అంది. వచ్చిందన్నాను. అప్పటికి అబద్ధం నోటికి అలవాటైపోయింది.

ఇదంతా పెట్టుకుని సదస్సుకి వెళ్ళానంటే నా బుర్రని ఏమనాలి? వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, బాగానే చదివాను. ఉప్పు పట్టిన చేలల్లో కాలువ నీళ్ళు నిలగట్టి, తీసేసి, మళ్ళీ నిలగట్టి మా రైతులు నేలని ఎలా కడుక్కున్నారో చెప్పాను. పక్క జిల్లాల నుంచి మనుషులొచ్చి కరెంటు స్తంభాలు ఎలా పాతారో చెప్పాను. చివర్లో మా బడి గురించి. "ఆరు నెలలు తిరక్కుండా మా హాజరు శాతం తుపానుకి ముందున్న దానికన్నా మెరుగైంది. మనిషి కోలుకుంటాడండి. దేశమూ అంతే" అని ముగించాను. చప్పట్లు కొట్టారు.

పిఠాపురం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, రేపోమాపో రిటైరయ్యే టీచరు, లేచి నిలబడ్డారు. "తుపానప్పుడు మీకు అన్నం పొట్లాలు ఎక్కడి నుంచి వచ్చాయండి?" అని అడిగారు.

"రాజమండ్రి నుంచి, ఇక్కడి నుంచి" అన్నాను.

"మీరు చెప్పే ఆ రోజున రాజమండ్రి ఉంటుందాండి? కాకినాడ ఉంటుందా? చేలు కడుక్కోవడానికి ధవళేశ్వరం ఆనకట్ట మిగులుతుందా? ఒకవేళ నీళ్ళున్నా, ఆ నీళ్ళు పొలంలో పెట్టొచ్చా?"

నా పట్టికలన్నిటిలోనూ బయట ఎక్కడో దెబ్బ తగలని ఊళ్ళు ఉన్నాయి. అక్కడివాళ్ళు లారీలేసుకుని వస్తారు. అందరికీ ఒకేసారి తగిలితే వచ్చేదెవరో నేనెక్కడా రాయలేదు.

ఆవిడ కూర్చోలేదు. మెత్తగానే అడిగారు: "ఇంకొకటండి. శాతం పెరిగిందన్నారు. పోయిన పిల్లలు రారు కదా. మరి పేర్లు తీసేస్తే పెరిగిందా అండి?"

"అవునండి" అన్నాను. మైకులో ఆ మాట గట్టిగా వినిపించింది. కాగితాలు మడుచుకుని దిగిపోయాను. దేశం కోలుకుంటుందా అంటే, ఏమో, కోలుకుందని ఎవరో ఒకరు రాస్తారు. రాసేవాడు మిగిలినవాళ్ళలో ఒకడై ఉంటాడు. నాలాగే వాడూ ఉన్నవాళ్ళని మాత్రమే లెక్కపెట్టి, వచ్చిన శాతం చూసి సంతోషపడతాడు. బస్సులో కూర్చున్నంతసేపూ నా మీద నాకు అసహ్యం వేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ తల్లి ఇంటికి వెళ్ళాను. తుపాను తర్వాత గవర్నమెంటు కట్టించిన కాలనీలో పక్కా ఇల్లు. ఇంటి ముందు పట్టా పరిచి చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని చెప్పి, నిలబడే చెప్పేశాను. పేరు ఎప్పుడో కొట్టేశానని, ఎనిమిదిలోకి రాలేదని, తొమ్మిదిలోకీ రాలేదని, రెండుసార్లూ అబద్ధం చెప్పానని.

ఆమె చేపల్ని ఒక్కొక్కటే తిరగేస్తూ ఉంది. ఆ సంగతి అంతకు ముందే తెలుసో, అప్పుడే తెలిసిందో నాకిప్పటికీ తెలియదు. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఏ రోజండి కొట్టేసింది?" అని అడిగింది.

తారీకు చెప్పాను. మంగళవారం అని కూడా చెప్పాను.

"పొద్దున్నా, మజ్జానమా?"

"పొద్దున్నే. మొదటి పీరియడ్‌లో."

తలూపింది. చేతులు చెంగుకి తుడుచుకుంది. "అందరూ తుపాను రోజున పిల్లకి బట్టలు పెట్టుకుని దీపమెట్టమంటారండి. ఎలా పెడతాను? ఆ రోజు చెయ్యి జారిందంతేనండి. జారినాక కూడా అమ్మా అని పిలుత్తానే ఉంది. పోయినట్టు నేను చూళ్ళేదు. ఏ రోజున పెట్టుకోవాలో తెలీక ఇన్నాళ్ళూ పెట్టలేదండి. మీరు సదువుకున్నోరు, తారీకు ఏసి రాశారు. ఇక నుంచి ఆ రోజే పెట్టుకుంటాను."

అది కాదమ్మా, అది ఊరికే ఇన్‌స్పెక్షన్ కోసం గీసిన గీత అని చెప్పాలనుకున్నాను. చెప్తే ఆమెకి ఆ రోజు కూడా లేకుండా పోతుంది.

"ఆ రోజుకి మీరూ రండి మేస్టారూ" అంది.

మార్చిలో వెళ్ళాను. ఆ తర్వాత ఏటా వెళ్తూనే ఉన్నాను. తుపానులో పోయినవాళ్ళ జాబితాలో ఆ పిల్ల పేరు లేదు. తల్లి లెక్కలో ఆ పిల్ల చనిపోయింది ఒక మంగళవారం పొద్దున్న, నా చేతిలో.