మాఘం వెళ్ళాక

తండ్రి జగన్నాధానికి డోలు ఇచ్చాడు. అతని తర్వాత పదేళ్ళకు పుట్టిన త్రినాథ్‌కు సన్నాయి ఇచ్చాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ పెళ్ళికైనా, అమ్మవారి పండగకైనా ఈ అన్నదమ్ముల మేళమే.

త్రినాథ్‌కు ఇరవై దాటాక సంగతి వేరైపోయింది. అతను ఆనందభైరవి ఎత్తుకుంటే వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకుని బంతి మధ్యలో అలాగే నిలబడిపోయేవారు. విజయనగరం నుంచి సంగీతం పంతుళ్ళు పనిగట్టుకుని వచ్చి వినేవారు. మేళం కుదుర్చుకోవడానికి వచ్చినవాళ్ళు "త్రినాథ్ మేళం కావాలి" అని అడిగేవారు. జగన్నాధం ఆ మాట విని నవ్వేవాడు. ఇంటికెళ్ళాక అన్నం సగంలో వదిలేసేవాడు.

ముప్పై దాటగానే త్రినాథ్ కాళ్ళు వాచాయి. ఉద్దానంలో కాళ్ళు వాస్తే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ మొదలైంది. సూదులు దిగీ దిగీ ఎడమచేతి వేళ్ళు తిమ్మిరెక్కేవి. అయినా వాయిద్యంలో నాణ్యం తగ్గలేదు. దమ్మే తగ్గింది. దమ్ము ఆగినచోట జగన్నాధం డోలు జోరు పెంచి, వినేవాళ్ళకు తెలియకుండా కప్పేసేవాడు.

త్రినాథ్ భార్య అరుణశ్రీ తన కిడ్నీ ఇస్తానంది. ఆమెది కలవలేదు. జగన్నాధంది కలిసింది. విశాఖలో డాక్టరు అతన్ని కూర్చోబెట్టి, ఆపరేషన్ తర్వాత మూడు నెలలు బరువులు ఎత్తకూడదని చెప్పాడు. జగన్నాధం సరేనన్నాడు.

కానీ కార్తీకం వచ్చేసరికి పెళ్ళిళ్ళు ఒప్పుకున్నామన్నాడు. ధనుర్మాసంలో కత్తి పడకూడదన్నాడు. ఒక పొద్దున అతను పెరట్లో డోలు తాళ్ళు బిగిస్తుంటే అరుణశ్రీ వచ్చి ఎదుట నిలబడింది.

"బావా, డాక్టరు మళ్ళీ ఫోన్ సేసినాడు. ఏటి సెప్పమంతారు?"

"మాఘం ఎల్లనీ అమ్మా. కడుపు కోసుకున్నాక డోలు ఎలా కట్టుకోను?"

"మాఘం దాకా ఆయన ఉంతాడా?"

"ఎందుకుండడు? బాగానే ఊదతన్నాడు కదా."

ఆమె లోపలికి వెళ్ళింది. మంచం మీంచి త్రినాథ్ అన్న మాట పెరట్లోకి వినిపించింది. "అన్నియ్యనింక అడక్కు. ఇయ్యాలనుంటే ఆయనే ఇస్తాడు."

ఆ మాటకు జగన్నాధానికి జాలి కలగలేదు, కోపం వచ్చింది. డోలు కట్టుకోలేనన్నది వట్టి సాకని అతనికి తెలుసు. తన కిడ్నీతో తమ్ముడు లేచి మళ్ళీ మునుపటిలా వాయిస్తాడు. కడుపు మీద కుట్లతో మూల కూర్చుని తను అది వినాలి. అది అతనికి మింగుడుపడలేదు.

మాఘంలో ఎచ్చెర్లలో ఒక పెళ్ళీ, త్రినాథ్ డయాలసిస్సూ ఒకే రోజున పడ్డాయి.

"ఒక్క రోజుకేటౌతాది? రేపెల్దాం," అన్నాడు జగన్నాధం.

త్రినాథ్ కాదనలేదు. తాళి కట్టే వేళ మేళం అందుకున్నాడు. అంత వాయిద్యం ఆ రెండేళ్ళలో జగన్నాధం వినలేదు. తలంబ్రాలు అవుతుండగా త్రినాథ్ సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, "అన్నియ్యా, ఊపిరందతం లేదు," అన్నాడు. ఆటో శ్రీకాకుళం చేరేలోపే అన్న భుజం మీద తల వాల్చి చనిపోయాడు. అప్పటికి అతనికి ముప్పై రెండేళ్ళు.

నలభై రోజులకు శ్రీకాకుళంలో సంతాపసభ పెట్టారు. మురళీమోహన్ అనే సంగీతం మాస్టారు మైకు ముందు కంటతడి పెట్టుకుని, "ఇంకో ముప్పై ఏళ్ళు వాయించవలసినవాడు. ఈ లోటు తీరేది కాదు," అన్నాడు. చివరిదాకా తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉన్న అన్నగారంటూ జగన్నాధానికి శాలువా కప్పారు. ఎవరో ఫోన్లో పట్టిన త్రినాథ్ సన్నాయిని పెట్టి, డోలు సహకారం చెయ్యమన్నారు. అతను వాయించాడు. దమ్ము ఆగినచోట అతని చేతులు వాటంతటవే జోరందుకున్నాయి. హాలంతా చప్పట్లు కొట్టింది. ముందు వరసలో కూర్చున్న అరుణశ్రీ చేతులు కదలలేదు.

సభ అయ్యాక మెట్ల దగ్గర ఆమెకు ఎదురెళ్ళి శాలువా మడిచి అందించాడు.

"ఇది నీదగ్గరుండాలమ్మా."

"మీరే ఉంచుకోండి బావా. మీకు ఎవులికీ ఏదీ ఇచ్చీ అలవాటు లేదు కదా." గొంతు పెంచకుండానే అంది. ఆ పక్కనున్న మాస్టారు తల దించుకున్నాడు.

ఆమె సన్నాయి తీసుకుని కొత్తవలసలో పుట్టింటికి వెళ్ళిపోయింది. జగన్నాధంతో కలిసి వాయించడానికి ఇద్దరు సన్నాయివాళ్ళు వచ్చారు. తమ్ముడికి కిడ్నీ ఇవ్వలేదన్న ఊళ్ళో మాట చెవిన పడ్డాక ఒకరి వెనక ఒకరు మానేశారు. ఇప్పుడతను టెక్కలిలో ఒక బ్యాండులో పెద్ద డ్రమ్ము కొడుతున్నాడు.

మొన్న ఊళ్ళో బడిలో కిడ్నీ పరీక్షల శిబిరం పెట్టారు. భార్య దాలమ్మ వెళ్ళి రమ్మని రెండుసార్లు చెప్పింది. జగన్నాధం బడి గేటుదాకా వెళ్ళాడు. వరసలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా మాటలాపి తనకేసి చూశారు. అతను వెనక్కి తిరిగాడు.